నజీరుద్దీన్ పోసిన ఆరు రెక్కలు

తెనాలిలో మా ఇంటి ఎదురుగా నజీరుద్దీన్ అల్యూమినియం పోత షెడ్డు ఉంది. రేకుల కప్పు, నేలలో గుండ్రంగా తవ్విన కొలిమి, గోడ వారన అచ్చులు కట్టే నల్లటి ఇసుక కుప్ప. కొలిమి వెలిగిన రోజు మా వీధిలో ఎవరూ స్నానానికి నీళ్ళు కాచుకోనక్కర్లేదని, డాబా మీద ట్యాంకులో నీళ్ళు వాటంతటవే కాగుతాయని కొత్తగా దిగిన అద్దెవాళ్ళకు నేను చెబుతుంటాను. ఒకాయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ట్యాంకు కింద నిలబడ్డాడు కూడా. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధమాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా మోకాళ్ళు అరిగాయి గాని అలవాటు అరగలేదు. అయితే నజీరుద్దీన్ గురించి చెప్పేటప్పుడు కల్పించాల్సిన అవసరం పెద్దగా రాదు.

అతనికి యాభై దాటాయి. పొట్టి మనిషి, మాట తక్కువ. ముంజేతుల మీది వెంట్రుకల్ని కొలిమి ఎప్పుడో తినేసింది. తాత హయాంలో ఆ షెడ్డులో పెళ్ళివంటల డేగిసాలు పోసేవారు. తండ్రి హయాంలో నీళ్ళ మోటార్లకు మూతలు పోసేవారు. ఆ రెండు గిరాకీలూ పోయాక అతనికి మిగిలిన నికరమైన పని ఒక్కటే. రేపల్లెలో హనుమాన్‌ప్రసాద్ గారి రైస్ మిల్లుకు ఊక బ్లోయరు రెక్కలు పోసివ్వడం.

ధాన్యం మీద పొట్టు ఒలిచాక ఆ ఊకను గొట్టంలోంచి ఊది పెరట్లో కుప్ప పోసే పెద్ద ఫ్యానే బ్లోయరు. దాని గాలికి రేపల్లెలో ఎగిరిన కోడిపుంజు భట్టిప్రోలులో దిగి కూసిందని నేనంటాను. కోడిపుంజు సంగతి వదిలేసినా ఊక గరుకు మాత్రం నిజం. గుప్పెడు ఊక తీసుకుని అరచేతుల మధ్య నలిపి చూడండి, తెలుస్తుంది. అందులో గాజు లాంటి పదార్థం సన్నగా అల్లుకుని ఉంటుంది. పగలంతా అది రాచుకుంటుంటే అల్యూమినియం రెక్కల అంచులు సబ్బుబిళ్ళలా కరిగిపోతాయి. ఒక రెక్క ఎక్కువ అరిగి ఇంకోటి తక్కువ అరిగితే ఫ్యాను వణుకుతుంది, మిల్లు ఆపాలి.

కిందటేడు వర్షాలు పడుతుండగా హనుమాన్‌ప్రసాద్ గారు కారు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చారు. చేతిలో అరిగిన రెక్క ఉంది.

"ఏమయ్యా నజీరూ, ఇది రెక్కా, నమిలేసిన చెరుకు పిప్పా?"

"ఊక అలాంటిదండి."

"ఊక ఎప్పుడూ అలాంటిదే. లారీలు గేటు ముందుండగా మిల్లు ఆపుతున్నది నేను. వచ్చే పంటకు ఇంకొక్కసారి పోసివ్వు. మధ్యలో వీటి కోసం మిల్లు ఆపాల్సి వచ్చిందంటే మాత్రం ఇనుప ఫ్యాను పెట్టించేస్తా."

"ఇనుము బరువండి. మీ మోటారు లాగలేదు."

"మోటారు కూడా మారుస్తా. మాట్లాడి ఉంచాను. అప్పుడిక నీతో నాకు పనుండదు."

ఆయన వెళ్ళాక నజీరుద్దీన్ ఆ రెక్కను కొలిమి గట్టు మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పని పోతే కొలిమి వెలిగించే కారణం ఉండదు. వేటపాలెంలో అతని బావమరిది జీడిపప్పు యూనిట్‌లో సూపర్‌వైజరు. వాచ్‌మన్ పని ఇప్పిస్తాను, వచ్చెయ్యమని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. కరిగిన లోహం ముందు నిలబడ్డ మనిషికి గేటు ముందు కుర్చీ. ఆ మాట వచ్చినప్పుడల్లా నజీరుద్దీన్ లేచి వెళ్ళి ఇసుక జల్లెడ పట్టుకునేవాడు.

ఆ నెలలోనే శ్రావ్య వచ్చింది. బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతుంది, పరిశోధన కూడా చేస్తోంది. కాలేజీ కొలిమి మరమ్మతుకు పోయిందట. సంచిలోంచి మిలమిల మెరిసే నల్లటి పొడి తీసి చూపించింది.

"సిలికాన్ కార్బైడ్ అండి. సానరాళ్ళు చేసే పొడి. దీన్ని బిళ్ళలా కట్టి, కరిగిన అల్యూమినియం దీని సందుల్లోకి ఎక్కించాలి. మీ కొలిమి కాస్త ఇస్తారా?"

"ఎక్కిస్తే ఏమొస్తుందమ్మా?" అన్నాడు నజీరుద్దీన్.

"గట్టిదనం వస్తుంది. మామూలు అల్యూమినియం కన్నా చాలా నిదానంగా అరుగుతుంది."

నజీరుద్దీన్ గట్టు మీది రెక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. బేరం అక్కడే కుదిరింది. ఆమె నమూనాలు ఇతను పోస్తాడు, ఇతని రెక్కల సంగతి ఆమె చూస్తుంది.

కుదిరాక నజీరుద్దీన్ చేసిన మొదటి పని, ఆమెకు చెప్పకుండా సూర్యలంక పోవడం. పొడి కొనుక్కోవడం ఎందుకు, సముద్రం ఒడ్డున గరుకు ఇసుక ఊరికే పడి ఉంటే అనుకున్నాడు. ఆదివారం భార్య అమీనా బీని బండి మీద ఎక్కించుకుని వెళ్ళి, ఆమె అలల్లో కాళ్ళు తడుపుకుంటుంటే ఇతను గోనెసంచి నింపాడు. మర్నాడు ఆ ఇసుకను అచ్చులో పరిచి లోహం పోశాడు. లోహం కుతకుతలాడింది. నేను రోడ్డుకు అవతలికి వెళ్ళి నిలబడ్డాను. చల్లారాక పగలగొడితే లోపలంతా బొక్కలు, మైసూర్ బోండా లాగా.

శ్రావ్య వచ్చి ఆ ముక్క చూసి నవ్వు ఆపుకుంది. "బాబాయ్, ఇందులో గుల్లలున్నాయి. వేడికి గుల్లలు గాలి వదులుతాయి. ఉప్పు తేమ ఒకటి. పైగా ఇసుకనైతే అల్యూమినియమే కొరికేస్తుంది."

"మా ఆయన సముద్రానికి తీసుకెళ్తానంటే ఎందుకా అనుకున్నా," అంది అమీనా బీ నాకు టీ గ్లాసు అందిస్తూ. "పెళ్ళయ్యాక అదే మొదటిసారి తాతగారూ. అదీ ఇసుక కోసం."

తర్వాత అసలు పొడితోనే మొదలుపెట్టారు. పొడిని కొద్దిపాటి జిగురుతో తడిపి, నొక్కి, కాల్చి బిళ్ళ చేయడం శ్రావ్య పని. కానీ లోహం దాని మీద చేమాకు మీద నీళ్ళలా ముద్దకట్టి నిలబడేది, లోపలికి దిగేది కాదు. లోహం పొడిని తడిపేలా శ్రావ్య అందులో కాస్త మెగ్నీషియం వేయించింది. పక్క లారీ వర్క్‌షాపులో బేరింగులు ఊడదీసే ప్రెస్సు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. ఉక్కు అచ్చులో పోసి, వెంటనే దానితో పైనుంచి నొక్కడం మొదలుపెట్టారు. అయినా పైపొర వరకే దిగింది. కోసి చూస్తే అడుగున పొడి పొడిగానే రాలింది.

"బిళ్ళను, ఉక్కు అచ్చును ముందే బాగా కాచాలి బాబాయ్," అంది శ్రావ్య.

నజీరుద్దీన్ ఒప్పుకోలేదు. ఇసుక అచ్చులు చల్లగా ఉండాలి, వేడి అచ్చులో పోస్తే పోత మొరటుగా వస్తుందని తాత చేతి దగ్గర నేర్చుకున్నవాడు. "మా తాత పోతల్లో ఒక్కటీ వేడి అచ్చులో పోసింది లేదమ్మా," అన్నాడు. రెండు వారాలు ఆ మాట మీదే నిలబడ్డాడు. రెండు ఆదివారాలు పోసినవి పాడయ్యాయి.

ఆ రెండో ఆదివారం భోజనాలు ఆలస్యమయ్యాయి. అన్నం చల్లారిపోయింది. అమీనా బీ పప్పన్నం మీద కాచిన నెయ్యి వేసింది. నెయ్యి మెతుకుల మీదే తెల్లగా పేరుకుపోయింది.

"చూశారా, అన్నం చల్లగా ఉంటే నెయ్యి దిగదు," అంది ఆమె. "మీరు టైముకి వచ్చి ఉంటే అడుగుదాకా పోయేది. ఇప్పుడు ఎంత పిసికినా ముద్దలు ముద్దలే."

నజీరుద్దీన్ కలుపుతున్న చెయ్యి ఆగింది. శ్రావ్య తలవంచుకుని తన పళ్ళెంలో తాను కలుపుకుంది. సాయంత్రం అతను తానుగా బిళ్ళనూ అచ్చునూ కొలిమి మంటలో ఎర్రబడేదాకా కాచాడు. పోసి, నొక్కి, చల్లార్చి కోస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే బూడిదరంగు. పొడి రాలలేదు.

ఆ సంతోషంలో రెక్క మొత్తం అలాగే పోసేశారు. బోల్టులకు బెజ్జాలు వేయబోతే డ్రిల్లు ముక్కులు ఒకదాని తర్వాత ఒకటి మొండిబారిపోయాయి. తెనాలిలో హార్డ్‌వేర్ షాపతను ఏం తొలుస్తున్నారని అడిగితే గుంటూరు వరకూ సొరంగం తవ్వుతున్నామని చెప్పాను. చివరికి ఊక రాచుకునే అంచు మాత్రమే బిళ్ళతో, బోల్టులు పట్టే మొదలు మామూలు అల్యూమినియంతో పోశారు. అలా ఆరు రెక్కలు తయారయ్యాయి. ఒక్కో రెక్క మొదలు మీద ఒకటి నుంచి ఆరు వరకు చుక్కలు కొట్టాడు నజీరుద్దీన్. ఒక్కో రెక్కతోపాటు వేలెడంత నమూనా ముక్క కూడా పోశాడు. వాటిని శ్రావ్య బాపట్లలో కోసి మైక్రోస్కోపు కింద చూస్తుంది. కాలేజీకి సెలవులు వచ్చిపడ్డాయి, కోతలు మొదలైపోయాయి. నమూనాలు తర్వాత చూద్దాంలే అని రెక్కలు ముందు బిగించాల్సి వచ్చింది.

రేపల్లె ప్యాసింజరులో ముగ్గురం వెళ్ళాం. రెక్కల సంచి నజీరుద్దీన్ ఒళ్ళో ఉంది. సీట్ల మధ్య దారి పొడవునా బుట్టలు, పాల క్యాన్లు.

"ఏమ్మా, మెత్తటి దాంట్లో గరుకు పొడి కలిస్తే గట్టిపడటమేంటి?" అని అడిగాను. "ఉప్మాలో ఇసుక పడితే ఉప్మా గట్టిపడుతుందా?"

"తాతగారూ, ఆ తలుపు దాకా వెళ్ళగలరా?"

"ఈ బుట్టలుండగా ఎలా?"

"బండి ఖాళీగా ఉంటే జారినట్టు వెళ్ళిపోయేవారు కదా. లోహం వంగేటప్పుడు లోపల ఒక చిన్న మడత అలాగే పాకుతూ పోతుంది. తివాచీలో ముడత తోసినట్టు. దారిలో గట్టి రేణువులుంటే అక్కడ ఆగుతుంది, చుట్టు తిరిగి పోవాలి. అందుకని వంచడానికి ఎక్కువ బలం కావాలి. బరువులో కొంత వాటా ఆ రేణువులు మోస్తాయి కూడా."

"మరి ఊక?"

"ఊక పైపైన రుద్దుతుంది. మెత్తటి లోహం కాస్త అరగ్గానే రేణువులు పైకి తేలతాయి. ఇక రాపిడంతా వాటి మీదే."

"పన్నూ చిగురూ," అన్నాడు నజీరుద్దీన్ కిటికీలోంచి చూస్తూ.

"అంతే బాబాయ్. చిగురు గట్టిగా పట్టుకోకపోతే పన్ను ఊడుతుంది. అందుకే లోహం ప్రతి సందులోకీ వెళ్ళాలి. అలాగని మరీ ఎక్కువ పొడి వేస్తే పెళుసు, దెబ్బ తగిలితే పలకలా విరుగుతుంది."

నేను నోరు మూసుకున్నాను. నా పళ్ళు ఆ రోజు జేబులో ఉన్నాయి.

మిల్లులో రెక్కలు బిగించేటప్పుడు పెరట్లో ఊకను గోతాలకెత్తే ఆడవాళ్ళు వచ్చి చూశారు. వాళ్ళకు పెద్ద ఉమారాణి. "కొత్త రెక్కలేంటి అన్నా, అంచు నలుపు మొదలు తెలుపు? జుట్టుకు రంగేసినట్టుంది," అంది. ఫ్యాను తిరిగింది, వణుకు లేదు. హనుమాన్‌ప్రసాద్ గారు తల ఊపి ఆఫీసులోకి వెళ్ళిపోయారు.

పని జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, శ్రావ్య ఫోన్ చేసింది. నజీరుద్దీన్ స్పీకరు పెట్టాడు, నేనూ విన్నాను.

"బాబాయ్, ఐదు నమూనాలు బాగున్నాయి. నాలుగోది మధ్యలో పొడిగా ఉంది. లోహం అందలేదు."

"రెక్క కూడా అలాగే ఉంటుందా?"

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కోస్తేగాని తెలీదు. పొడిగా ఉంటే ఆ వేగానికి అంచు ఊడి రావచ్చు."

నజీరుద్దీన్ ఫోన్ పెట్టేశాడు. అంచు ఊడితే గొట్టంలోంచి నేరుగా పెరట్లోకి పోతుంది. అక్కడ ఉమారాణి వాళ్ళు గోతాలు పట్టుకుని ఉంటారు. ఊడకుండా పంట గడిచిపోవచ్చు కూడా. కానీ చెప్పాలంటే వెళ్ళి మిల్లు ఆపించాలి. సరిగ్గా దేనికైతే పని పోతుందని హనుమాన్‌ప్రసాద్ గారు చెప్పారో, దాన్నే ఇతను తన నోటితో అడగాలి.

ముందు మిల్లు గుమస్తాకు ఫోన్ చేశాడు. నాలుగు చుక్కల రెక్క మీద అనుమానం ఉంది, ఆడవాళ్ళను గొట్టం ముందు నిలబడనివ్వొద్దు, తాను బయల్దేరుతున్నానని చెప్పాడు. తర్వాత చొక్కా మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు.

"వెళ్తున్నారా?" అంది అమీనా బీ.

"వెళ్తే పని పోతుంది."

"పోతే వేటపాలెంలో జీడిపప్పు తిని బలుస్తాం. వెళ్ళిరండి."

నేనూ చెప్పులేసుకున్నాను. దారిలో ఒక ఉపాయం చెప్పాను. కరెంటు వాళ్ళు తనిఖీకి వస్తున్నారని చెబితే మిల్లు అదే ఆగుతుంది, ఆ సందులో రెక్క విప్పి చూసేయొచ్చు. కథంతా నేను అల్లుతాను, నువ్వు పక్కన నిలబడు చాలు అన్నాను.

"వద్దు తాతగారూ. ఇది నేనే చెప్పాలి."

రేపల్లెలో మిల్లు గేటు ముందు ధాన్యం లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆడవాళ్ళు గొట్టానికి దూరంగా రేకుల పందిరి కింద కూర్చున్నారు. ఊక కుప్ప పెరిగిపోతోంది. హనుమాన్‌ప్రసాద్ గారు మెట్ల మీదే ఎదురయ్యారు.

"అనుమానమా? ఏం అనుమానం?"

నజీరుద్దీన్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. నమూనా ముక్క గురించి, లోపల పొడిగా ఉండటం గురించి. "ఆపి విప్పాలండి," అన్నాడు.

"ఫ్యాను బాగానే తిరుగుతోందిగా?"

"తిరుగుతోందండి."

"వణుకు లేదుగా?"

"లేదండి."

"లారీలు చూశావా బయట?"

"చూశానండి."

హనుమాన్‌ప్రసాద్ గారు నా వైపు చూశారు. నేనేదైనా కథ చెబుతానేమోనని. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన గుమస్తాను పిలిచి మిల్లు ఆపమన్నారు. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి చెవుల్లో గుయ్యిమంది.

నాలుగు చుక్కల రెక్క విప్పి తెచ్చాక నజీరుద్దీన్ దాన్ని వేలితో తడిమాడు. మొదలు దగ్గర తెల్లటి లోహం కాస్త తగ్గింది. నల్లటి అంచు పెట్టినది పెట్టినట్టే ఉంది.

"లోపల ఎలా ఉందో చూపించు," అన్నారు హనుమాన్‌ప్రసాద్ గారు.

మెట్టు రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు నజీరుద్దీన్. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు అంచు పలకలా విరిగింది. ముక్క ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. నా కళ్ళజోడు అడిగి తీసుకుని మళ్ళీ చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బూడిదరంగు. పొడి లేదు, బొక్క లేదు. వేలితో గీకితే గోరే అరిగింది.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"అంటే?"

"ఇది మంచి రెక్కేనండి."

"మంచి రెక్కను విరగ్గొట్టడానికి మిల్లు ఆపించావా?"

"అవునండి," అన్నాడు నజీరుద్దీన్. కళ్ళజోడు తీసి నాకిచ్చాడు.

పందిరి కింద నుంచి ఉమారాణి వచ్చి ముక్కను చూసింది. "మా మీద పడాల్సింది రాయి మీద పడిందన్నమాట," అంది. "పోన్లే అన్నా, మాకు కాసేపు నడుం వాల్చుకోవడానికి కుదిరింది."

హనుమాన్‌ప్రసాద్ గారు విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పారు, బొటనవేలితో అంచు రుద్దారు. ఆయనకు కోపం తగ్గిందో లేదో నేను చెప్పలేను. ముఖం ఎప్పుడూ ఒకేలా ఉండే మనిషి.

"మిగతా ఐదింటి సంగతేంటి?"

"వాటి నమూనాలు బాగున్నాయండి. వాటి మీద నాకు అనుమానం లేదు."

"ఉంటే?"

"ఉంటే వాటికీ వచ్చేవాణ్ణండి."

ఆయన గేటు వైపు చూశారు. "ఐదింటితో తిరిగితే వణుకుతుంది. దీనికి ఎదురుగా ఉన్నది కూడా విప్పెయ్. నాలుగింటితో నిదానంగా నడుపుకుంటా. ఇది మళ్ళీ ఎప్పుడు పోసిస్తావ్?"

"ఆదివారం ప్రెస్సు ఖాళీ అండి. సోమవారం తెస్తాను."

"ఆ అమ్మాయిని ఈసారి ముక్క ముందు కోసి, తర్వాత రెక్క పంపమను." ఆయన ఫోన్ తీసి, మెట్లు ఎక్కుతూనే మాట్లాడారు. "ఆఁ, ఆ ఇనుప ఫ్యాను కొలతలకి ఈ వారం రావొద్దులే. వద్దు. అవసరమైతే నేనే చేస్తా."

తిరుగు ప్యాసింజరులో నజీరుద్దీన్ శ్రావ్యకు ఫోన్ చేశాడు. నాలుగో రెక్క పోసేటప్పుడు ప్రెస్సు పిడి జారి ఆలస్యమైంది గుర్తుందా అని ఆమె అడిగింది. రెక్క పోసి నొక్కాక లోహం కరిగించే మూసలో మిగిలినది నమూనాకు పోశారు. అప్పటికది చల్లారి ఉంటుంది, బిళ్ళలోకి దిగి ఉండదు. తప్పు రెక్కది కాదు, నమూనాది.

"ఈసారి రెండు మూసలు పెడదాం," అన్నాడు అతను. ఫోన్ జేబులో పెట్టుకుని సీటుకు చేరగిలబడ్డాడు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన ఎండుచేపల బుట్ట ఒకటి అతని కాళ్ళ దగ్గర ఉంది. దాన్ని పక్కకు జరపాలన్న ఆలోచన కూడా రాలేదు, వేమూరు దాటేలోపే నిద్రపోయాడు.

సోమవారం కొత్త రెక్క బిగించారు. ఆ పంటంతా మిల్లు మళ్ళీ రెక్కల కోసం ఆగలేదు. అవి అసలు అరగలేదని నేను వీధిలో చెబుతున్నాను గాని, అరిగాయి. పంటయ్యాక విప్పి చూస్తే మొదలు దగ్గర మామూలు అల్యూమినియం కొంత పల్చబడింది, ఒక రెక్క మూల కొద్దిగా పెచ్చు లేచింది. వచ్చే ఏడాదికి మళ్ళీ పోయాల్సిందే. ఈసారి బిళ్ళను ఇంకో వేలెడు కిందకు దించాలని నజీరుద్దీన్, అలా దించితే బోల్టుల దగ్గర పెళుసవుతుందని శ్రావ్య. షెడ్డులో నిన్న సాయంత్రం కూడా ఆ వాదన నడుస్తూనే ఉంది, కొలిమి వెలుగుతుండగా.